బలపరిచినవారు: జోగులు

మా చర్చి కమిటీలో ఒక ఆచారం ఉండేది. గోడకి సున్నం వేయించాలన్నా సరే, ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, సెక్రటరీనైన నేను మినిట్స్ పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాయాలి. బలపరిచేవారు దొరక్కపోతే, ఎదురుగా కునికిపాట్లు పడుతున్న పెద్దమనిషి పేరు రాసేసేవాణ్ణి. పదేళ్లు అలాగే నడిపాను. ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఆ పాడు అలవాటుని చర్చిలోనే వదిలేసి ఉంటే ఈ రోజు ఇది చెప్పుకునే గతి పట్టేది కాదు.

ఎమర్జెన్సీ పెట్టిన మరుసటి ఏడు, ఆదివారం ఆరాధన అయ్యాక, ముగ్గురం బలిఘట్టం రోడ్డులో జోగులు టైలరు షాపులో చేరేవాళ్లం. జ్ఞానానందం మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. మత్స్యరాజు జీడితోటల కూలీలకి సంఘం పెట్టినవాడు. నేను, ప్రేమరాజుని, గవర్నమెంటు గుమస్తాని. జోగులుది నాతవరం. వేలిముద్ర మనిషి. మేం అరుచుకుంటుంటే తలొంచుకుని స్కూలు నిక్కర్లు కుట్టుకునేవాడు. ఫాసిజం అంటే ఏమిటి, సోషలిజం అంటే ఏమిటి, ఇదే మా గోల. దానికీ ఒక మినిట్స్ పుస్తకం పెట్టాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంట్లో ఉంటే మా ఆవిడ దయావతి పొయ్యిలో పెడుతుందని జోగులు సొరుగులో దాచేవాణ్ణి.

“ఫాసిజం ఇటలీ సరుకయ్యా. ఒకే నాయకుడు, ఫ్యాక్టరీవోడూ ప్రభుత్వవూ ఒకటైపోడం. మనకి బేంకులు జాతీయం సేసేరు, భూమి పంచుతన్నారు. దీన్ని సోషలిజం అనకపోతే ఏటంటావు?” అన్నారు మాస్టారు ఒక ఆదివారం.

“పంచిన భూమి కాయితమ్మీద ఉందండి. కూలోడికి అడిగే నోరుంటేనే సోషలిజం,” అన్నాడు మత్స్యరాజు.

“రష్యాలో ఉందేటి ఆ నోరు?”

మత్స్యరాజు మినిట్స్ పుస్తకం నా ముందుకి తోశాడు. “లేకపోతే అదీ కాదు. పేరేదెట్టుకున్నా, పోలీసోడికి బయపడి సొంతింట్లో మాట మింగేసుకుంటే అది ఫాసిజవే. రాయండి పేమరాజుగారూ.”

రాశాను. బలపరిచేదెవరు? మాస్టారు రోడ్డు మీద పోతున్న బస్సుని చూస్తున్నారు. నాకు ఉద్యోగం ఉంది. కలం ఆగలేదు. గదిలో మిగిలిన మనిషి ఒక్కడే. ‘బలపరిచినవారు: జోగులు’ అని రాసి పుస్తకం మూసేశాను. అతను తల ఎత్తి కూడా చూడలేదు.

రెండు వారాలకి పోలీసులు మత్స్యరాజు కోసం వచ్చారు. అతను అప్పటికే కొండలెక్కేశాడు. షాపు సోదా చేస్తే పుస్తకం దొరికింది. ఆ పేజీలో రెండే పేర్లు. ఒకడు దొరకలేదు కాబట్టి రెండోవాణ్ణి పట్టుకుపోయారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

జోగులు పెళ్లాం కొండలమ్మ మా గుమ్మంలో కూలబడింది. “ఆడికి ఆ మాట నోరు తిరగదు బాబూ. మీరొక్క మాట సెప్పండి, ఒగ్గీత్తారు.”

నిజం చెప్పాలనే వెళ్లాను. ఇది మాత్రం అబద్ధం కాదు. ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. “దస్తూరీ మీదేనా? విన్నది రాశారా, కల్పించి రాశారా? విన్నదైతే సాక్షిగా సంతకం పెట్టి వెళ్లండి. కల్పించిందైతే అతని పక్కన కూర్చోండి.”

గోడవార గొంతుక్కూర్చున్న జోగులు నన్ను చూసి చేతులు జోడించాడు. నేనొచ్చాను కనుక ఇక తనని వదిలేస్తారనుకున్నాడు.

“విన్నదేనండి,” అన్నాను. సంతకం పెట్టాను. సైకిలెక్కి ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను, సిగ్గులేని జన్మ.

పది నెలలయ్యాక, ఎలక్షన్లు అయిపోయి అందర్నీ వదిలేసినప్పుడు, జోగులు మా ఇంటికొచ్చాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇక కత్తెర పట్టలేడు. తిడతాడని, మీద పడతాడని ఎదురుచూశాను. అతను కుర్చీ వద్దని మెట్టు మీద కూర్చున్నాడు.

“రోజూ అడిగీవోరు బాబూ. నాను అననేదంటే కొట్టీవోరు. ఉండగా ఉండగా నాకే అనిపించింది. పేమరాజుబాబు సదువుకున్నోరు, పార్దన సేసీవోరు, లేనిది రాత్తారేటి? మిషను సప్పుడులో నానే అనుంటాను, మర్సిపోనాను. ఒప్పేసుకున్నాను.”

నువ్వు అనలేదు జోగులూ, నేనే రాశాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“ఒకటడుగుతాను, కోప్పడకండి. నానన్నది మంచిమాటేనా, సెడ్డమాటా?”

దయావతి తలుపు పట్టుకుని నన్నే చూస్తోంది.

“మంచిమాటే,” అన్నాను.

అతని ముఖం తేటపడింది. ఎడంచేత్తో గోడ పట్టుకుని లేచాడు.

“బేగి ఎల్లి కొండలమ్మతో సెప్తాను బాబూ. నాను అలాటి మాట అనగలనంటే అది నమ్మడం నేదు.”