బ్రేకు మీద కాలు

మా ఆయన దృష్టిలో మా పాత కారుకు ఉన్నది ఒకటే రోగం. అది నేనే.

"మళ్ళీ ఆపేశావా?" అన్నారు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దగ్గి దగ్గి చచ్చిపోగానే. "క్లచ్ పూర్తిగా తొక్కమంటే వినవు కదా."

"తొక్కాను. ఇంకా తొక్కితే కాలు రోడ్డుకి తగుల్తుంది."

వెనక హారన్లు హోరెత్తాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందులో దాచుకునేదేమీ లేదు. ఆయన మాత్రం తాపీగా, "సరే, ఇప్పుడు ఏ లైటు ఉందో చెప్పు," అన్నారు. డ్రైవింగ్ పాఠాలు మొదలైన రోజు నుంచీ ఇదే వరస. ఏ లైటు, ఆ బోర్డు మీద ఏం రాసుంది, ఎదురుగా వచ్చేది బస్సా లారీనా. ఒకటో తరగతి పిల్లను అడిగినట్టు అడగడం. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆదివారం ఒకాయన కారు కొనడానికి వస్తున్నాడు. ఈలోగా నేను ఇంజిన్ ఆపకుండా బజారు దాకా నడిపి తిరిగొస్తే అమ్మనని మా ఆయన మాటిచ్చారు. ఆయనకు ఇక నడపడం విసుగట. అంతకుముందు గడియారాలు బాగుచేసే కొట్టు కూడా విసుగనే మూసేశారు. పిసరంత చక్రం కోసం పూటంతా వంగి కూర్చునే మనిషికి విసుగేమిటి? నాకు మింగుడు పడలేదు. కిటికీ అద్దం దించుకుని, ఈల వేసుకుంటూ ఆ కారులో కూర్చున్నప్పుడే ఆయన ఆయనలా ఉంటారు. ఆ ఈల పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అందుకే తిట్లు తింటూ నేర్చుకుంటున్నాను.

ప్లగ్గులు మార్పించారు. కార్బురేటర్ శుభ్రం చేయించారు. అయినా నా చేతిలో ఆగిపోతూనే ఉంది. ఇంటి ముందు సందులో ఆయనే ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపి చూపించారు. ఒక్కసారి కూడా ఆగలేదు. "చూశావా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తల దించుకున్నాను కాబట్టే ఆయన పాదం నా కంట పడింది. వేళ్ళు బ్రేకు మీదున్నాయి, పాదం అంచు మాత్రం పక్కనున్న యాక్సిలరేటర్‌ని కాస్త నొక్కే ఉంది. ఎన్నేళ్ళ అలవాటో, ఆయనకే తెలిసినట్టు లేదు. ఆయన బ్రేకు తొక్కినా ఇంజిన్ ఆగకపోవడం అందుకేనేమో.

ఆ సాయంత్రం తాడో పేడో తేల్చుకుందామని షెడ్డులోనే ఇంజిన్ స్టార్టు చేశాను. గేరు వెయ్యలేదు, క్లచ్ ముట్టుకోలేదు. హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కాను. ఎదురుగా గోడ మీద వెలుగు చిక్కిపోయింది, ఇంజిన్ గొంతు పడిపోయింది. కాలు తీస్తే రెండూ తేరుకున్నాయి.

"ఏవండీ! ఇలా రండి. ఆ గోడ చూడండి, బ్రేకు తొక్కితే వెలుగు తగ్గుతోందా లేదా?"

ఆయన గోడకేసి చాలాసేపు చూశారు. "నాకేం తేడా కనిపించట్లేదు."

"ఇంత తేడా కనిపించట్లేదా? ఒప్పుకోవడం ఇష్టం లేదని చెప్పండి!"

ఆయన తల పక్కకు వాల్చి, "మళ్ళీ తొక్కు," అన్నారు. తొక్కాను. "వదులు." వదిలాను. పాడైన గడియారం చెవి దగ్గర పెట్టుకున్నప్పటి ముఖం అది. "నీ తప్పు కాదోయ్," అన్నారు చివరికి. "బ్రేకు లైట్లు వెలిగేసరికి స్పార్కుకి కరెంటు చాలట్లేదు. ఎక్కడో కరెంటు సరిగ్గా పారట్లేదు."

"బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు చూసుకోమని ప్లగ్గులు మార్చినప్పుడు మెకానిక్ అన్నాడుగా, చూశారా?"

"మొన్ననే చూశాను. శుభ్రంగా ఉంది." అంటూనే బానెట్ ఎత్తి, వైరు వెంబడే వేళ్ళు పోనిచ్చారు. కొసన ఆగారు. "ఇక్కడ కాలుతోంది. చెయ్యి పెట్టి చూడు."

టార్చి వేశాను. వైరు చివర బోల్టు కనపడకుండా పచ్చటి చిలుము పేరుకుపోయి ఉంది. "ఇదా శుభ్రం? ఇంత చిలుము పెట్టుకుని నన్ను..."

"బాగా పట్టిందా?" అని అడిగారు మెల్లగా.

వెటకారం కాదది. నిజంగానే అడుగుతున్నారు. టార్చి వెలుగులో ఆయన చూపు నా ముఖం మీద కాక, చెవి పక్కన ఎక్కడో నిలిచి ఉంది. కొట్టెందుకు మూశారో, సిగ్నల్ దగ్గర ఏ లైటని ఎందుకు అడిగేవారో ఒక్కసారిగా అర్థమైంది. నన్ను పరీక్షించడానికి కాదు. ఆయనకు కనపడక.

"ఎప్పట్నించి?"

"ఏడాదైంది. మసక, రోజురోజుకీ ఇంకాస్త. ఇక బాగయ్యేది కాదన్నాడు డాక్టరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే భయంతో నేర్చుకుంటావు. భయపడేవాళ్ళకి స్టీరింగ్ లొంగదోయ్. నువ్వు కోపంతో నేర్చుకుంటేనే మేలనిపించింది. అది నీ దగ్గర పుష్కలంగా ఉంది కదా."

నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఆయన చేతులకు మసి ఉందని కూడా చూడకుండా పట్టుకుని ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు. తర్వాత, "ఇంజిన్ ఆపి ఉప్పుకాగితం పట్రా," అన్నారు.

చిలుము ఎక్కడ మిగిలిందో నేను చెప్పాను, ఆయన గీకారు. ఇనుము తళతళలాడాక బోల్టు బిగించారు. ఈసారి బ్రేకు తొక్కితే గోడ మీద వెలుగు చెక్కుచెదరలేదు. "ఎలా ఉంది?" అన్నాను. ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "నువ్వు చెప్పు," అన్నారు.

మర్నాడు బజారుకు బయల్దేరాం. అదే సిగ్నల్ దగ్గర ఆగాం. నా కాలు బ్రేకు మీద గట్టిగా ఉంది, ఇంజిన్ నిబ్బరంగా తిరుగుతోంది. వెనక ఎవరూ హారన్ కొట్టడం లేదు.

"ఏ లైటు ఉంది?" అన్నారు అలవాటుగా, అని చప్పున ఆగిపోయారు.

"ఎరుపు," అన్నాను. "మన ముందు పాల వ్యాను ఉంది. దాని వెనక దుమ్ములో ఎవరో వేలితో 'నన్ను కడగండి' అని రాశారు. పక్క స్కూటరు మీద ఒక చంటివాడు అరటిపండు తింటున్నాడు, సగం వాళ్ళ నాన్న చొక్కాకే పూస్తున్నాడు."

"నేనడిగింది లైటొక్కటే కదోయ్."

"మిగతాదంతా కొసరు, వినండి."

ఆయన కిటికీ అద్దం దించుకున్నారు. "అయితే ఆదివారం ఆయన్ని రావద్దని చెప్పనా?"

"ఇప్పుడే చెప్పండి," అన్నాను. పచ్చ లైటు పడింది. అదీ చెప్పాను.