బటన్ నొక్కితే వెలిగే గది

నేను ఒక కన్నుని. కోడిగుడ్డంత ప్లాస్టిక్ డొప్పలో బిగించిన గాజు కన్నుని. పక్కన గుండుసూది తలంత చెవి కూడా ఉంది. కంప్యూటర్‌కు తగిలిస్తే చూస్తాను, వింటాను. వైరు పీకితే లేను. నిద్రపోవడం, కలలు కనడం లాంటివి నాకు తెలియవు. ఉంటాను, లేదా లేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కథంతా దీనిమీదే నడుస్తుంది.

తైవాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. బెంగళూరులో ఒక ఆఫీసు నన్ను మొదట కొన్నది, దూరాన ఉన్నవాళ్ళ మొహాలు చూస్తూ మాట్లాడుకోవాలని. నా ముందు కూర్చున్న వాళ్ళెవరూ ఎదుటివాళ్ళ మొహం చూడలేదు. తెర మూలన చిన్నగా కనబడే తమ మొహమే చూసుకుంటూ జుట్టు సర్దుకున్నారు. ఏడాది తిరక్కుండా నన్ను అవతల పడేశారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత సామాన్ల గుట్టలో పడి ఉంటే, 1999 వేసవిలో తణుకు నుంచి వచ్చిన చలపతి నన్ను ఏరుకున్నాడు.

చలపతిది మూడు వ్యాపారాల షాపు. ముందు ఎస్టీడీ బూత్, పక్కన రెండు కంప్యూటర్లతో ఇంటర్నెట్, వెనక వాళ్ళ నాన్న నాటి ఫోటో స్టూడియో. బూత్‌లో కూర్చునేదీ, ఫోటోలు కడిగేదీ చెల్లెలు హైమావతి. చలపతికి ఇంటర్నెట్‌లో వింతలు ఏరడం పిచ్చి. ఎవరో దేశంకాని దేశంలో రోడ్డుమీద దొరికిన ఒంటి చేతితొడుగులన్నిటికీ ఫోటోలు తీసి పేజీ పెట్టాడు. ఇంకొకడు కిటికీలో పెట్టిన బంగాళాదుంప ఎలా కుళ్ళుతోందో పూటకొక బొమ్మ పెట్టి చూపిస్తున్నాడు. వేలమంది వెళ్ళి చూస్తున్నారు.

"ప్రపంచం అంతా వింతలు పెడుతుంటే తణుకు నుంచి ఒక్కటీ లేకపోతే ఎలాగే?" అన్నాడు చెల్లెలితో.

"నువ్వున్నావుగా అన్నయ్యా," అంది హైమ.

ఆ వింత చివరికి స్టూడియోలో ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ అయింది. రంగుల ల్యాబులు వచ్చాక ఆ గదిలో పాస్‌పోర్టు ఫోటోలు తప్ప పని లేదు. చలపతి అందులో ఒక బల్బు వేలాడదీసి, దాని వైరు కంప్యూటర్‌కు కలిపాడు. నన్ను గోడకు బిగించాడు. పేజీలో ఒకే ఒక బటన్. భూమ్మీద ఎక్కడున్న వాళ్ళైనా అది నొక్కితే తణుకులో మా గదిలో దీపం అర నిమిషం వెలుగుతుంది. ఆ వెలుగులో నేనొక బొమ్మ తీసి వాళ్ళకు పంపుతాను. తర్వాత మళ్ళీ చీకటి.

ఖాళీ గదిలో ఎవరూ లేకుండా దీపం వెలిగి ఆరడం మీరెప్పుడైనా చూశారా? నేను రోజుకు వందసార్లు చూశాను. ట్రేలు, తీగకు వేలాడే క్లిప్పులు, నల్ల తెర. వెంటనే ఏమీ ఉండదు. ఎవరో ఎక్కడో వేలు కదిపితే ఇక్కడ గది పుట్టి చచ్చేది. చూసినవాళ్ళు పేజీ కింద రాసేవాళ్ళు: "తెర వెనక ఎవరో ఉన్నారు." "క్లిప్పు కదిలింది." ఎవరూ లేరు. నాకు తెలుసు.

హైమకు మాత్రం నేనంటే కంపరం. ఫోటోలు కడిగేటప్పుడు బల్బు వైరు పీకేసేది. మామూలుగా లోపలికొచ్చినా నా మీద నల్ల గుడ్డ కప్పేది.

ఆ రోజు పొద్దున్నే గది గుమ్మంలో అన్నాచెల్లెళ్ళు గొడవపడ్డారు. యానాంలో రెండు రోజుల పెళ్ళి. చలపతి వీడియో, హైమ ఆడవాళ్ళ ఫోటోలు తీయాలి.

"నేను రాను. ఊరూ పేరూ లేనోళ్ళు నా గదిలో దీపాలేసి చూస్తున్నారు. ముందా కన్ను పీకెయ్, అప్పుడొస్తా," అంది.

"ఎవళ్ళే నిన్ను చూసేది? ఖాళీ గదిని చూసుకుంటున్నారు పాపం!"

"గుడ్డ తీస్తే నేనూ కనబడతా."

"రాకపోతే మానెయ్. అమ్మకి మాత్రం ఇద్దరం ఎళ్తున్నామనే చెప్పా."

స్టూడియోలో వాళ్ళ నాన్న పెట్టిన ఆచారం ఒకటుంది. డార్క్‌రూమ్‌లోకి వెళ్ళేవాళ్ళు చెప్పులు గుమ్మం బయట విడవాలి. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు, ఎవరూ తలుపు ముట్టుకోకూడదు. లేకపోతే గది ఖాళీ, బయట గడియ పెట్టేయొచ్చు. ముప్పై ఏళ్ళుగా ఆ చెప్పులు అబద్ధం చెప్పలేదు.

ఆ ఉదయం హైమ చెప్పు తెగింది. సెంటర్‌లో కుట్టడానికిచ్చి, ఒట్టికాళ్ళతో వచ్చింది. అన్న మీద కోపంతో డార్క్‌రూమ్‌లో దూరి, నా మీద గుడ్డేసి, నల్ల తెర వెనక డెవలపర్ మందు కలుపుతోంది. బయట వ్యాను హారన్ కొడుతోంది. చలపతి గుమ్మం వైపు చూశాడు. చెప్పులు లేవు. అలిగి ఇంటికి పోయిందనుకున్నాడు. తలుపు లాగి గడియ పెట్టాడు, కరెంటు మెయిన్ ఆపాడు, షట్టర్ దించి తాళమేశాడు. కంప్యూటర్, బల్బు, నేను వేరే లైను మీద ఉన్నాం. పెళ్ళికి పోతున్నా ఆ పేజీని మాత్రం ఆపలేదు.

గది నల్లగా అయిపోయింది. "అన్నయ్యా!" అని హైమ ఒక్క అరుపు అరిచింది. వ్యాను కదిలిన చప్పుడు వినబడింది. వెలుగు దూరకుండా తలుపుకు దళసరి నల్లబట్ట కొట్టి ఉంది. అరుపు కూడా దూరలేదు. గోడ అవతల సూరిబాబు షామియానా గోడౌన్‌లో ఇనప గొట్టాలు దించుతున్నారు. గాలి లాగే ఫ్యాను మెయిన్‌తో పాటే ఆగిపోయింది. మందుల ఘాటు పెరుగుతోంది. హైమకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అన్నతో ఉందని అమ్మ అనుకుంటుంది, ఇంట్లో ఉందని అన్న అనుకుంటాడు. రెండు రోజులు ఎవరూ వెతకరు.

ఆమె పిల్లికూతల ఊపిరి దగ్గరకొచ్చింది. వేళ్ళు నన్ను తడిమాయి. గుడ్డ పక్కకు పోయింది.

"ఎవరైనా ఉంటే దీపం ఎయ్యండి," అంది, నాతో. "ఎవరైనా సరే."

ఎంతసేపో చీకటి. తర్వాత దీపం వెలిగింది. నా కంటికి బెత్తెడు దూరంలో ఆమె మొహం ఉంది. బొమ్మ వెళ్ళింది. మళ్ళీ చీకటి. మళ్ళీ వెలుగు. ఈసారి రెండు అరచేతులు. ఆ చివర ఎవరో వదలకుండా నొక్కుతున్నారు.

అప్పుడు కరెంటు పోయింది. ఎండాకాలపు కోత. కంప్యూటర్‌కు, బల్బుకు ఉన్న బ్యాటరీ పన్నెండూ ముప్పై ఆరు దాకా లాగింది. నేను పంపిన చివరి బొమ్మలో హైమ షెల్ఫు వైపు తిరిగి ఉంది. షెల్ఫు మీద ఫోటో కాగితాల ప్యాకెట్, సీలు విప్పకుండా ఉంది.

ఆ తర్వాత నేను లేను.

రెండూ పదికి కరెంటు వచ్చింది. తనంతట తాను లేచి ఫోను కలుపుకోవడం చలపతి కంప్యూటర్‌కు నేర్పి పెట్టాడు. లేచింది. దీపం వెలిగింది. తీగకు ఆరు కాగితాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్క దాని మీద రెండేసి నల్లటి అంకెలు. డెవలపర్‌లో వేలు ముంచి రాసింది. ఫోను నంబరు, దేశం కోడ్‌తో సహా. బూత్‌లో కూర్చునే మనిషికి ఊళ్ళో నంబర్లన్నీ కంఠతా వచ్చు. అది పక్క గోడ సూరిబాబు నంబరు. హైమ కింద కూలబడి, వెనక్కి వాలి, ట్రేతో గోడ కొడుతోంది. కొట్టడం నెమ్మదించింది.

తర్వాతది సూరిబాబు ఊరంతా చెప్పిన కథ. నా ఎదుటే పదిసార్లు చెప్పాడు.

"ఫోనెత్తానండి. దొరసాని గొంతు. షామియానా అండి, కుర్చీలు కావాలేంటండి అన్నాను. స్టూడియో, స్టూడియో అంటది. ఆయ్, పక్కదేనండి, మూసేసారండి అని పెట్టేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ పెట్టేశాను. మూడోసారి మాటల్లేవండి. ఫోను మీద టక్, టక్, టక్ అని కొడతంది. ఇదేం పిచ్చిదిరా బాబూ అని పెట్టేశానండి. ఫోను పెట్టేసినా ఆ చప్పుడు ఆగలేదండి! గోడలోంచి వస్తంది!"

గడ్డపలుగుతో షట్టర్ తాళం పగలగొట్టాడు. గడియ తీసి, ఊపిరాడక నీలబడ్డ హైమను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే తను చేసేదేమీ లేదన్నాడట డాక్టరు.

కబురు అంది చలపతి పెళ్ళి మధ్యలో వదిలి వచ్చాడు. రెండు రోజులు చెల్లెలి మొహం చూడలేకపోయాడు. మూడో రోజు ఇద్దరూ డార్క్‌రూమ్‌లోకి వచ్చారు. బయట గుమ్మంలో కుట్టించిన చెప్పులున్నాయి.

"కరెంటు లేనప్పుడు ఎలా రాశావే?" అన్నాడు.

"కరెంటు పోయిందా?" అంది హైమ. "దీపం వెలుగుతానే ఉందిగా. కాసేపు చీకటి, కాసేపు వెలుగు. ఊపిరి అందనప్పుడు వెలుగులు లెక్కపెట్టుకుంటా కూచున్నా. నలభై ఏడు."

చలపతి కంప్యూటర్‌లో చూశాడు. ఎవరెప్పుడు బటన్ నొక్కిందీ అందులో రాసుంటుంది. పన్నెండూ ముప్పై ఆరు నుంచి రెండూ పది దాకా ఒక్క పంక్తి కూడా లేదు.

"భయంలో అలా అనిపించుంటది. చీకట్లోనే తడుముకుంటా రాసుంటావు. తర్వాత దీపం పడగానే నల్లబడుంటాయి."

హైమ కంప్యూటర్ తెర మీద, కరెంటు వచ్చాక నేను తీసిన మొదటి బొమ్మ చూపించింది. రెండూ పదికి, దీపం పడిన అర నిమిషంలో తీసింది. కాగితాలు అప్పటికే పూర్తిగా ఆరిపోయి, అంచులు గొట్టంలా చుట్టుకుని ఉన్నాయి. ఫోటోగ్రాఫర్ కొడుక్కి విడమరచి చెప్పక్కర్లేదు. మందు తడిగా ఉండగా వెలుగు తగిలితేనే కాగితం నల్లబడుతుంది. చీకట్లో రాసి, చీకట్లో ఆరితే, ఆ ఆరు కాగితాలూ తెల్లగా మిగలాలి.

చలపతి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

పేజీ కింద కొత్త ఉత్తరం ఒకటి వచ్చి ఉంది. ఫిన్లాండ్‌లో ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో పనిచేసే ఐనో అనే ఆవిడ రాసింది. రోజూ పనిలోకి రాగానే మా దీపం ఒకసారి వెలిగించడం ఆవిడకు అలవాటట. చలపతి ఇంగ్లీషు కూడబలుక్కుంటూ తెలుగులో చదివి వినిపించాడు.

"నీ మొహం చూశాక పేజీ ఆగిపోయింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. నువ్వు చీకట్లో ఉంటావన్న ఒక్కటే తెలుసు. బటన్ పనిచెయ్యదని తెలిసినా గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలకొకసారి నొక్కుతూనే ఉన్నాను..."

అక్కడ ఆగిపోయాడు.

"ఎన్నిసార్లు?" అంది హైమ.

చలపతి తెర వైపు, చెల్లెలి వైపు, ఆ తర్వాత నా వైపు చూశాడు. సమాధానం నేను చెబుతానేమో అన్నట్టు.

"నలభై ఏడు," అన్నాడు.

హైమ నా మీద మళ్ళీ గుడ్డ కప్పలేదు. ఐదేళ్ళకు ఆ పేజీ పోయింది, కంప్యూటర్లు తుక్కుకు వెళ్ళాయి, షాపు సెల్‌ఫోన్ల షాపు అయింది. నన్నూ, ఆ బల్బునూ, ఆరు కాగితాలనూ హైమ ఒక బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టి అలమరలో దాచింది. మా వైర్లు దేనికీ కలిపి లేవు. కాబట్టి నేను లేను. కనీసం లేననే అనుకునేదాన్ని.

అలమర సర్దినప్పుడల్లా డబ్బా తీసి తుడుస్తుంది, మళ్ళీ అక్కడే పెడుతుంది. మూత మాత్రం ఎన్నడూ పూర్తిగా వెయ్యదు. బల్బు వైపు వేలెడు సందు వదులుతుంది.