కచేరీలో గుంట

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, వంక పొంగినప్పుడు మునిగిపోయిన ఎమ్మిగనూరు పాత కచేరీని బాగుచేసి, అందులో కొత్త ఆఫీసు పెట్టాలనుకున్నారు. ఆ పనికి ఆదోని నుంచి మేస్త్రీ సిద్దప్ప వచ్చాడు. ఉబ్బిపోయిన గార గీకి మళ్లీ సున్నం పూయాలి. బల్లలు, బీరువాలు పట్టేలా పెద్ద సావడిని గదులుగా విడదీయాలి. అతని భార్య తిప్పమ్మ కూలీలతో కలిసి మట్టి ఎత్తేది.

వెనక గది ఊడుస్తుంటే ఆమె కాలికింద బండ కదిలింది. ఎత్తి చూస్తే కింద మెత్తటి ఒండ్రు. తోడేకొద్దీ అంచులు నిలువుగా చెక్కిన గుంట బయటపడింది.

"ఎవురో తవ్వి, మళ్లా పూడ్సినారు," అంది తిప్పమ్మ. "ఏందో తీసుకొనే పోయుంటారు."

వెనకటికి సర్కారు ఖజానా ఆ గదిలోనే ఉండేదని ఒక కూలీ అన్నాడు. అనుమానం పుట్టడానికి ఆ మాట చాలు. వరదకు ఇల్లు కూలి ఆ గదిలో తలదాచుకున్నది నేత పని చేసే కేశవులు కుటుంబం. అతను ఇప్పుడు తన ఇంటికి కొత్త గోడలు లేపుతున్నాడు.

సిద్దప్ప వెళ్లి అడిగాడు. "కచేరీలో గుంట ఎవురు తవ్వినారన్నా?"

"గుంటా? మాకేం తెల్దప్పా," అంటూ కేశవులు మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి అతను కచేరీ వీధిలో నడవడమే మానేశాడు. సిద్దప్పకు అనుమానం ముదిరింది. ఓవర్సీరుకు చెప్పేద్దామన్నారు కూలీలు.

ఆ మాట ఎలా చేరిందో, మర్నాడు మధ్యాహ్నం కేశవులు భార్య సరోజమ్మ వచ్చింది. గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించింది. ఒకదాని తర్వాత ఒకటిగా పాదాలు తొక్కుతూ, నాడె విసిరినట్టు చేయి ఆడించింది.

"మగ్గం గుంటప్పా ఇది! ఇల్లు కూలిపాయ. నేయకుంటే ఏం తినాల? సర్కారు బండలు ఎత్తినామని పోలీసులకు పట్టిస్తారేమోనని భయపడి ఆయప్ప అబద్ధం సెప్పినాడు."

గుంటకు అటూ ఇటూ గుంజలు పాతిన గుర్తులు సిద్దప్పకు అప్పుడు కనబడ్డాయి. సిగ్గేసింది.

"నువ్వు పో అమ్మా. ఎవురికీ సెప్పను," అన్నాడు.

ఆమె వెళ్లగానే తనే మట్టి నింపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, బండలు పరిచి సందుల్లో సున్నం పెట్టాడు. కూలీలు పనాపి చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ తిప్పమ్మ అడిగింది.

"అంత బిరీన పూడ్సేసినావే. ఆయమ్మ నీకేమిస్తానన్నది?"

వేళాకోళం అనుకుని సిద్దప్ప నవ్వాడు. తిప్పమ్మ నవ్వలేదు.