చందనము పూసిన కెమేరా

శ్రావణమాసమున నొక యపరాహ్ణమందు సముద్రగర్భమునుండి లేచిన జలధరపంక్తులు బందరు పట్టణముపై నీలకంబళము గప్పినట్లు క్రమ్ముకొనఁగా, ఉప్పుగాలి సోఁకి గోడలు చెమర్చుచు తలుపులు బిగుసుకొనుచు పెట్టెలోని పట్టుచీరలు సైతము బూజువాసన వేయుచుండు నా వేళ, చిత్రలేఖనోపాధ్యాయుఁడగు శరభయ్యగారి యర్ధాంగి వర్ధనమ్మ గొడుగు మఱచి చెప్పులు మఱచి బజారుదారిని పరుగువంటి నడకతోఁ బోవుచుండెను. ఆమె భయమునకుఁ గారణ మొక పాతకెమేరా.

ఇరువది సంవత్సరములకుఁ బూర్వము, తొలిచూలు బిడ్డఁడు మూఁడు నెలలవాఁడై యుండఁగా, అట్లతద్దినాఁడు శరభయ్య యా కెమేరాతో వానికి ఫొటో తీయఁబూనెను. పసిబిడ్డకు ఫొటో తీసిన నాయువు తఱుగునని తల్లివలన వినియున్న వర్ధనమ్మ వలదు వలదని యడ్డుపడెను. "ఒక్కటేనే" యని యాతఁడు నవ్వుచు మీట నొక్కెను. టిక్కుమని చప్పుడయ్యెను. దీపావళి రాకమునుపే జ్వరము దగిలి బిడ్డఁడు కన్నుమూసెను.

నాఁటినుండి యామె భర్తను నిందించుటకు నోరు తెఱవలేదు, తెఱచిన బాగుండెడిది. కెమేరాను లోని ఫిల్ముతోఁగూడఁ బసుపుగుడ్డలోఁ జుట్టి యేడుముడులు వైచి యటక యెక్కించెను. శరభయ్య మఱల దాని పేరెత్తఁడయ్యె. పిదపఁ బుట్టిన మాలినికిఁ బదునెనిమిదేండ్లు నిండినను ఒక్క ఫొటో యైనను లేదు; బడిపిల్లలందఱు బారులుదీఱి కెమేరా ముందు నిలుచు దినమున, పిల్లకు జ్వరమని తల్లి చీటీ వ్రాసి పంపెను.

ఆ మాలినియే నిన్న నటక దులుపుచు ముడులు విప్పి, బూజుపట్టిన కెమేరాను జూచి ముచ్చటపడి, ఖాదరుసాహెబు దుకాణమున శుభ్రపఱుప నిచ్చివచ్చెను. ముడులు విప్పిన చేయి మాలినిది. ఉదయము పిల్ల రెండుమాఱులు తుమ్మెను. నుదురు వెచ్చగా నుండెనో, భయముచేఁ దన చేయియే చల్లఁబడియుండెనో వర్ధనమ్మకుఁ దెలియలేదు. తెఱవకముందే పోయి దానిని మఱల ముడివేయవలయునని యామె యాత్రము.

దుకాణమున వృద్ధుఁడగు ఖాదరుసాహెబు కంటికి భూతద్దము దగిలించుకొని కూర్చుండెను. తెల్లగుడ్డపైఁ గెమేరా యవయవములన్నియు విడివిడిగాఁ బఱచియుండెను.

"విప్పేశారా! ఎవరు విప్పమన్నారండీ?"

"మీ అమ్మాయేనమ్మా. కూర్చోండి, తడిసిపోయారు. తప్పనుకోకపోతే ఒకటడుగుతా. దీన్లో గంధం ఎవరు పోశారు?"

"పోయడమేంటండీ? బుల్లోడు పుట్టిన యేడు దసరాకి బొట్టు పెట్టాను. ఆయన చేతి పనిముట్టు కదా, ఆయుధపూజ చెయ్యొద్దూ?"

"బొట్టా! నా పెళ్లికి నాకే ఇంత గంధం పూయలేదమ్మా."

ఆమె నవ్వలేదు. ముదుసలియు నవ్వు మాని, పట్టకారుతో నొక పలుచని నల్లరేకు నెత్తి చూపెను. దాని యంచున చందనము ఱాయివలె గట్టిపడియుండెను.

"ఇవి దీని రెప్పలమ్మా. మీట నొక్కితే విచ్చుకుని మూసుకోవాలి. గంధం అద్దం సందులోంచి లోపలికి కారి, ఎండి, అతుక్కుపోయినయ్. మీట టిక్కుమంటది. రెప్ప మాత్రం తెరవదు."

"ఎప్పట్నుంచి?"

"పూసిన రోజునుంచే. లోపల ఫిల్ముందని చీకటిగదిలో తీసి కడిగాను. ఏడు బొమ్మలొచ్చినయ్. ఎనిమిదోది ఖాళీ."

ఆతఁడు ఫిల్మును వెలుతురున కెత్తిపట్టెను. పడవలు, వలలు, రేవు. ఏడవదానిలో నిండుచూలాలై గుమ్మమునఁ గూర్చుండి నవ్వుచున్నది తానే. ఆపైఁ దెల్లని శూన్యము.

"అయితే... మా బుల్లోణ్ణి తియ్యలేదా ఇది?"

"తియ్యలేదమ్మా. అసలు చూడనే లేదు."

వర్ధనమ్మ యా శూన్యమును వ్రేలితోఁ దడవెను. భయము కారణమును వెదకదు; నేరస్థుని వెదకును. ఇరువదేండ్లు తాను మౌనముతో దండించిన పురుషుఁడు నిరపరాధి. ముడివేసి దాఁచిన యంత్రమును నిరపరాధియే. కాని లోకమున నెచ్చటనో యొకచోట, చీఁకటిలోనైనను, బిడ్డని ముఖము నిలిచియున్నదని తానెఱుంగకయే నమ్ముకొనియున్న నమ్మకమును దొలఁగిపోయెను. ఆ ముఖము నిలువకుండ నడ్డగించినది తన మూఁడువ్రేళ్ల చందనము.

నాలుగవ దినమున, వాన వెలిసి యరుగుపై లేయెండ పఱచుకొనినపుడు, బాగుపడిన కెమేరాను దెచ్చి యామె భర్త చేతులలో నుంచెను.

"అది బుల్లోణ్ణి చూళ్లేదంటండీ. గంధం అడ్డుపడిందంట. పూసింది నేనే. మాలినిని తియ్యండి."

శరభయ్య దానిని మఱల నామె చేతి కీయఁబోయెను. "వద్దులే వర్ధనం, నీకు భయం."

"భయమేనండీ. ఎక్కడికి పోద్దీ భయం? తియ్యండి."

"కానియ్ నాన్నా, అమ్మ మనసు మార్చుకుంటది!" అని మాలిని స్తంభమున కానుకొని నిలిచెను.

వర్ధనమ్మ యడ్డుపడలేదు. చెంగు నోటఁ గ్రుక్కుకొని, ఉరముపైఁ జేయి యుంచుకొని, తులసికోటవలెఁ గదలక నిలువఁబడెను. శరభయ్య మీట నొక్కెను. ఆ నిమేషమునఁ దల్లి తన ఱెప్పలను గట్టిగా మూసికొనెను. కెమేరా తన ఱెప్పలను విప్పెను.