రాయదుర్గం బ్రాంచి ఫోను

ఓళిగలకు శనగపప్పు ఉడికించి, బెల్లం వేసి రుబ్బి, పూర్ణం గిన్నె మీద తడిగుడ్డ కప్పి పుష్పావతి చేతులు కడుక్కుంటుంటే, అత్త సిద్దమ్మ వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఇంట్లో ఆడబిడ్డకు నిశ్చయం పెట్టుకొని యాడికే నీకు ఈ పొద్దు డ్యూటీ? నువ్వు పోకుంటే బ్యాంకు మునిగిపోతాదా?"

మునిగిపోదు. కానీ సోమవారం నుంచి అనంతపురంలోని హెడ్డాఫీసు సర్వరూ రాయదుర్గం బ్రాంచి సర్వరూ నేరుగా మాట్లాడుకోవాలి. ఆ పని నేర్చుకున్నది సహకార బ్యాంకు కంప్యూటర్ సెక్షన్‌లో పుష్పావతి ఒక్కతే. హైదరాబాదులో వారం రోజుల ట్రైనింగుకు పోయినప్పుడు "ఆడ నీతో ఎవరెవరుండారు?" అని రోజూ ఫోనులో అడిగిన మొగుడు ఓబులేష్, ఆ వారంలో ఏం నేర్చుకుందో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు పేపరు మడిచి పెట్టి, "పెండ్లివాళ్లు సాయంత్రం దిగుతారు. అప్పటికి ఇంట్లో ఉండాల" అన్నాడు. ఆమె ఊ కొట్టింది. ముదిగుబ్బ దగ్గరి పల్లెలో నాయన కుళ్లాయప్పకు ఆయాసం ఎక్కువైందని అమ్మ కబురు చేసి వారమైంది. "ఈ నిశ్చయం కానీ, పోదాంలే" అన్నాడు ఓబులేష్. దానికీ అప్పుడు ఊ కొట్టింది. ఊ కొట్టడం ఆ ఇంట్లో ఆమె చేసే పనుల్లో ఒకటి. అంట్ల మాదిరి దానికీ లెక్క లేదు.

రాయదుర్గం బస్సు కళ్యాణదుర్గం దాటాక కిటికీ బయట వాన చూడని వేరుశనగ చేలు, ఎర్రమట్టి, గుట్టలు. బస్సులో కునుకు తీసింది. ఆమెకు తీరిక దొరికేది బస్సుల్లోనే.

బ్రాంచిలో ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఫోను మోగింది. మేనేజరు శ్రీరంగప్ప ఎత్తి, "వచ్చిందప్పా, ఈడే ఉండాది" అని రిసీవరు ఆమెకు ఇచ్చాడు.

"చేరినావా?" ఓబులేష్ గొంతు.

"చేరినాను."

"పక్కన ఎవరుండారు?"

"మేనేజరు సారు."

ఫోను పెట్టేశాడు.

ఆమె పని మొదలుపెట్టింది. ప్రతి సర్వరుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, తానెవరో చెప్పుకొనే గుర్తింపు కార్డు లాంటిది. దాని సర్టిఫికెట్‌ను ఇదీ, దీని సర్టిఫికెట్‌ను అదీ నమ్మదగినదని తనలో చేర్చుకుంటేనే ఖాతాల వివరాలు అటూ ఇటూ నడుస్తాయి. ఒకవైపు నమ్మితే చాలదు. రాయదుర్గందాన్ని అనంతపురంలో ఆమె నిన్ననే చేర్చింది. హెడ్డాఫీసుదాన్ని ఫ్లాపీలో వేసుకొచ్చింది. అయితే చేతికి వచ్చింది గదా అని చేర్చేయకూడదు. దానికి వేలిముద్ర అని ఒకటి ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస. హెడ్డాఫీసులో భారతి దాన్ని ఫోనులో చదువుతుంటే పుష్పావతి తెర మీద ఒక్కొక్కటే వేలుపెట్టి సరిచూసుకుంది. సరిపోయింది. ఫోను పెట్టిందో లేదో మళ్లీ మోగింది.

"ఎవరితో అంతసేపు? ఎప్పుడు చేసినా ఎంగేజే."

"భారతితో. హెడ్డాఫీసు. పని."

"భారతీనో, భరతుడో."

గొంతు పెద్దది. పక్క బల్ల దగ్గరి క్యాషియరు తల దించుకొని నవ్వు ఆపుకున్నాడు. ఆమె చెవులు మండాయి. రిసీవరు పెట్టి తెర వైపు తిరిగింది.

సర్టిఫికెట్ చేర్చినా బ్రాంచి సర్వరు ఒప్పుకోలేదు. చెల్లదు, చెల్లదు అంటోంది. దారి ఎక్కడ తప్పిందో మొదటి నుంచి వెతికింది. చివరికి కంటబడింది. ఆ మిషను లోపలి బ్యాటరీ చచ్చి, గడియారం రెండేళ్లు వెనక ఆగిపోయి ఉంది. దాని లెక్కన ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేస్తుండగా మూడోసారి ఫోను. ఈసారి ఓబులేష్ ఆమెను పిలవమని కూడా అడగలేదు. శ్రీరంగప్ప ఫోను పెట్టి, "ఈడనే ఉందా, ఇంకా పోలేదా అంటాడు. నీ మొగునికి నీ మీద శానా ప్రేమ ఉన్నట్టుందే తల్లీ" అన్నాడు. ఈసారి క్యాషియరు నవ్వు ఆపుకోలేదు.

కాసేపటికి రెండు సర్వర్లూ ఒకదాన్నొకటి ఒప్పుకున్నాయి. హెడ్డాఫీసు ఖాతా ఒకటి రాయదుర్గం తెర మీద తెరుచుకుంది. ఈ సంగతి నాయనకు చెప్పాలనిపించింది. గొర్రెల వెంబడి తిరిగి ఆమెను ఎమ్సీయే చదివించిన మనిషి. ఒక్క ముక్క అర్థం కాకున్నా "ఊ, ఆమీట ఏం చేసినావు తల్లీ?" అని చివరిదాకా వినేవాడు.

ఇల్లు చేరేసరికి పెండ్లివాళ్లు వచ్చేశారు. చీర మార్చుకొని ఓళిగలు కాల్చింది, వడ్డించింది, నెయ్యి వేసింది. ఆడబిడ్డ మౌనికకు పూలు పెట్టింది. వాళ్లు వెళ్లిపోయాక విస్తళ్లు ఎత్తుతుంటే ఓబులేష్ వెనక నుంచి అన్నాడు.

"ఇప్పుడే ఫోను వచ్చింది. మీ నాయనకు సీరియస్ అంట. పోయిరా."

ఎంగిలిచేత్తోనే నిలబడిపోయింది. అతను తోడు రాలేదు. ఆఖరి బస్సు దొరికింది. ఆమె పోయేసరికి నాయనను పంచలో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి ఉంది.

ఆ తరవాతి రోజుల్లో నాయన పోయిన దుఃఖం ఒక ఎత్తు, అమ్మ మౌనం ఒక ఎత్తు. తిరుపాలమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు, మొగం చూడలేదు. వచ్చిన ఆడవాళ్లు ఆమెను చూసి మాట ఆపేసేవాళ్లు. దుఃఖంలో అట్లుంటారులే అనుకుంది పుష్పావతి. తల్లి కంచంలో అన్నం పెట్టడమూ, ముట్టని అన్నాన్ని ఎత్తేయడమూ ఆమె పనైంది.

దినాల నాడు ఓబులేష్ పండ్లబుట్టతో వచ్చాడు. భోజనాలయ్యాక, "ఇంగ పోదాం పా. ఇంట్లో అమ్మకు చేతగావడంలే" అన్నాడు. ఆమె సంచి సర్దుకోవడానికి లేచింది. అప్పుడు తిరుపాలమ్మ నోరు తెరిచింది.

"పోతావులే. పొయ్యే ముందు ఒక మాట చెప్పి పో. ఆ పొద్దు తెల్లారి బస్సెక్కినదానివి, రాత్రిదాకా యాడికి పోయినావే?"

"ఈడికి బస్సెక్కిందే రాత్రి గదమ్మా."

"అబద్ధం చెప్పొద్దు. పొద్దున్నే నేను శెట్టి అంగడి నుంచి ఫోన్ చేస్తే, బస్సెక్కించినా అత్తా, మధ్యాన్నానికి వస్తాదని అల్లుడే చెప్పినాడు. మీ నాయనకు అదే చెప్పినా. మంచం పంచలోకి ఏపిచ్చుకున్నాడు, దావ కనపడాలని."

పుష్పావతి మొగుడి వైపు తిరిగింది. అతను గోడ వైపు చూశాడు.

"ఏం చెయ్యమంటావు? చెప్పింటే రాయదుర్గం నుంచి నేరుగా ఈడికే వచ్చేదానివి. వచ్చినోళ్లకు ఎవరు చేసి పెడతారు? చెప్పినా ఆయన బతికేవాడా?"

ఆమెకు రాయదుర్గం ఫోను మోతలు వినబడ్డాయి. రిసీవరు చెవిలో పెట్టుకొని అతనితో మాట్లాడింది. ఆ గొంతు అప్పటికే నాయన కబురు విని ఉంది. ఆమె ఎక్కడుందో, ఎవరి పక్కనుందో ఆరా తీసింది. ఆ ఒక్క మాట మాత్రం మింగేసింది. క్యాషియరు నవ్వుకు సిగ్గుపడి తెర వైపు తిరిగిన ఆ నిమిషంలో ఇక్కడ నాయన దావ వైపు తల తిప్పి ఉన్నాడు.

"నువ్వు పో" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుణ్ణి ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి. ఓబులేష్ ఉలిక్కిపడ్డాడు.

"ఏమంటివి?"

"నువ్వు పో. నేను రాను. ఈ పొద్దూ రాను, రేపూ రాను."

అతను అత్త వైపు చూశాడు. "అత్తా, నువ్వన్నా చెప్పు."

తిరుపాలమ్మ పండ్లబుట్ట తీసి అతని చేతిలో పెట్టింది. అతను చెప్పులు తొడుక్కొని దావ పట్టాడు.

పుష్పావతి అమ్మ పక్కన నేల మీద కూలబడింది. చాలాసేపటికి, అడగడానికి భయపడుతూనే అడిగింది.

"నాయనకు నా మీద కోపం వచ్చిందామ్మా, రాలేదని?"

తిరుపాలమ్మ ఇన్ని రోజులకు కూతురి తల ఒళ్లోకి తీసుకుంది.

"కోపం యాడిది? నేనే తిట్టినా నిన్ను. ఆయన తిట్టనియ్యలా. బస్సు యాడో చెడిపోయింటాది, ఈ ఎండలో బిడ్డ యాడ నిలబడుకొని ఉందో, తాగను నీళ్లన్నా దొరికినాయో లేదో, అంటానే పోయినాడు."