వెల్డరు ఇస్తానన్న కిడ్నీ

వెల్డరు మొండి మనిషి. పెళ్లానికి రెండు కిడ్నీలూ పోయాయని తెలిసిన రోజే "నాది తీసి పెట్టండి" అని భీష్మించుక్కూర్చున్నాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. ఇంకేం అడ్డమని షాపులో సెలవు కూడా చెప్పేశాడు.

"నీ కిడ్నీతో పాటు నీ నోరు కూడా వస్తుందేమో," అంది ఆమె డయాలసిస్ మంచం మీంచి.

"రానీవే. ఇద్దరం కలిసి అరుద్దాం."

ఆఖరి పరీక్ష మిగిలింది. ఇతని రక్తకణాల్ని ఆమె రక్తపు తేటలో కలిపి చూస్తారు. ల్యాబు డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"మీ కణాలన్నీ చచ్చిపోయాయి. ఈ కిడ్నీ పెడితే ఆమె ఒళ్లే దాన్ని చంపేస్తుంది. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? కాన్పులు?"

"రక్తం ఎక్కించలేదు. పిల్లల్లేరు," అన్నాడు వెల్డరు. ఎవరడిగినా చెప్పే జవాబే.

"ఒక పాప," అంది ఆమె. "ఎనిమిదో నెలలో. పుట్టేసరికే ప్రాణం లేదు."

డాక్టరమ్మ గొంతు తగ్గింది. "కణం ఎవరిదో చెప్పే గుర్తులుంటాయమ్మా. వాటిని తయారుచేసే జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటాయి. బిడ్డకి సగం తల్లివి, సగం తండ్రివి. పాపలో ఉన్న ఈయన గుర్తుల్ని మీ రక్తం పరాయివనుకుంది. వాటి మీదకి యాంటీబాడీలు తయారుచేసుకుంది. అవి ఇప్పటికీ ఉన్నాయి."

"అవే చంపాయా పాపని?"

"లేదమ్మా. బిడ్డ దాకా పోకుండా, కడుపులో బిడ్డని అంటిపెట్టుకుని ఉండే మాయే వాటిని పట్టేస్తుంది. మీ తప్పేం లేదు."

ఇన్నేళ్లకి ఒకరు ఆ మాట అన్నారు. ఆనాడు గుడ్డలో చుట్టి పట్టుకుపోయారు, తల్లికి చూపించనైనా లేదు. "మర్చిపో" అన్నారు అందరూ. మొదట అన్నది మొగుడే. ఏం తెలివండీ! కన్నది ఆమె, మర్చిపోవాల్సిందీ ఆమే, సలహా మాత్రం ఊరందరిదీ!

"మరి ఇప్పుడెలా?" అన్నాడు వెల్డరు.

"మీ గుర్తులు లేని దాత కావాలి. వెతుకుతాం. ఆశ తక్కువే."

ఇద్దరూ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"పాపని నువ్వే ఎత్తుకెళ్లావు కదా," అంది ఆమె. "ఎవరి పోలిక?"

వెల్డరు తన చేతుల వంక చూసుకున్నాడు.

"గుడ్డ విప్పలేదే. నాకు ధైర్యం చాల్లేదు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"సగం నీ పోలికేనట," అంది.

లోపల్నించి నర్సు పిలిచింది, డయాలసిస్ మిషను ఖాళీ అయిందని. ఆమె చెప్పులు విడిచి లోపలికి నడిచింది. వెల్డరు వంగి వాటిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.