మైనంలో మిగిలిన జత

పెటీలియా కుంపటి పక్కన కూర్చుని పలకల మీది మైనం కరిగిస్తోంది. చెక్క చట్రాన్ని నిప్పుల మీద అటూ ఇటూ ఆడించి, మైనం మెత్తబడగానే ఘంటం చదును కొనతో ఒక్క లాగు లాగితే అక్షరాలన్నీ కలిసిపోయి నున్నగా అయిపోతుంది. పొద్దుటి నుంచి ఏడు జతలు అయ్యాయి. ఇంకొక్క జత ఉంది. అన్నింటి మీదా ఆమె చేతిరాతే. అన్నీ ఆమె తండ్రి నోటి మాటలే.

కొండల్లో ఓడిపోయిన యుద్ధం గురించి చరిత్ర రాస్తున్న వెరానియస్, కళ్లారా చూసినవాళ్లు కావాలని కిందటి శీతాకాలం ఊరంతా వెతికించాడు. దొరికింది ఒక్కడే, సైన్యంలో కంచరగాడిదలు తోలిన పెటీలియా తండ్రి ఒఫెల్లస్. అతను మూడు రోజులు చెప్పాడు. వెరానియస్ దగ్గర ఆరేళ్లుగా రాతపని చేస్తున్న కూతురే అదంతా పలకలకెక్కించింది. ఆ యుద్ధంలోనే ఆమె అన్న గావియస్ పోయాడు. పుస్తకంలో ఆ ఓటమి భాగం మాత్రం వెరానియస్ ఎవరికీ చూపకుండా తన చేత్తోనే రాసుకున్నాడు. రేపు రంగశాలలో ఊరి పెద్దల ముందు చదవడం. ఆ తర్వాత నకళ్లు రోముకు వెళతాయి.

ఒఫెల్లస్ బుట్టెడు అంజూరాలతో కుంటుకుంటూ వచ్చాడు. పండగకు వచ్చినట్టు ఉతికిన బట్టలు కట్టుకున్నాడు.

"ఏం ముసలాడా, పళ్లు తెచ్చావా? రా, కూర్చో," అన్నాడు వెరానియస్. "నా కళ్లు మసకేస్తున్నాయి. అమ్మాయ్, ఆ పని ఆపి ఈ పుస్తకం చుట్ట అందుకో. చదువు, ఎలా పలుకుతోందో వింటాను."

"మావాడి మాట వచ్చిందా అయ్యగారూ?"

"వచ్చిందయ్యా. పేరుతో సహా వచ్చింది."

పెటీలియా చుట్ట విప్పి చదివింది. సేనాని దిబ్బ మీద నిలబడ్డాడు. ఎండకు శిరస్త్రాణం మెరిసింది. వీరులారా, మీ తాతల ఎముకలు ఈ మట్టిలోనే ఉన్నాయి అంటూ మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. సైన్యం డాళ్లు మోగించింది.

ఒఫెల్లస్‌కు నవ్వాగలేదు. "ఎండెక్కడిదయ్యా? మూడు రోజులు ఒకటే వాన. ఆయనకు గొంతు పూడుకుపోయి తేనెనీళ్లు తాగుతూ డేరాలో పడుకున్నాడు. ఆ తేనె మోసింది నా గాడిదే!"

వెరానియస్ కూడా నవ్వాడు. "ఏ మాట ఎవడన్నాడో ఎవరికి గుర్తుంటుందోయ్? అలాంటి మనిషి అలాంటి సమయంలో ఏం మాట్లాడాలో అది మేం రాస్తాం. నాకు ముందు రాసినవాళ్లంతా చేసిందిదే."

"సరే, మాటలు మీవి, ఉంచుకోండి. చదువమ్మా."

పెటీలియా చదివింది. "వంతెన దగ్గర మూడో పటాలం ధ్వజధారి గావియస్ ధ్వజం పారేసి పరుగెత్తాడు. అతన్ని చూసి..." చుట్ట మీంచి తలెత్తి తండ్రి వైపు చూసింది.

"ఏదీ, మళ్లీ చదువు," అన్నాడు ఒఫెల్లస్.

మళ్లీ చదివింది.

"నేను మీకేం చెప్పాను?" ఒఫెల్లస్ లేచి నిలబడ్డాడు. "వంతెన ముందు దాటింది సేనాని. దాటి, దాన్ని నరికించాడు. మావాడు శత్రువులున్న ఆవలి ఒడ్డునే ఉండిపోయాడు. మర్నాడు నేను వాగులో దిగి వెళ్లి, వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తేగానీ ఆ ధ్వజం కర్ర ఊడి రాలేదు. ఇది చెబుతుంటే మీరు కళ్లు తుడుచుకున్నారు!"

"తుడుచుకున్నాను. కాదనను. కానీ ఆలోచించు. అంత గొప్ప ప్రసంగం విన్న సైన్యం ఓడిందంటే, ఎవడో ఒకడు ముందు పారిపోయి ఉండాలి కదా? లేకపోతే కథ అతకదు."

"ఆ ప్రసంగం లేనేలేదు కదయ్యా!"

"రాశాక ఉన్నట్టే."

"పేరైనా తీసెయ్యండి అయ్యగారూ," అంది పెటీలియా. ఆరేళ్లలో ఆమె ఆయన్ను అడిగింది అదొక్కటే.

"పేరుంటేనే నమ్ముతారమ్మాయ్. మనిషి పేరు, పటాలం పేరు ఉంటే విచారించి రాశాడంటారు. మొదటి చుట్టలోనే రాశాను కదా, కళ్లారా చూసినవాణ్ణి అడిగి రాస్తున్నానని."

ఒఫెల్లస్ చేతిలోని అంజూరం నలిగి గుజ్జు వేళ్ల సందుల్లోంచి కారింది.

"మీరు అడిగింది నన్నేనని ఊరందరికీ తెలుసు. అంటే, నా కొడుకు పిరికివాడని నేనే చెప్పానంటారా రేపు? వాడి తల్లికి నేనేం చెప్పనయ్యా?"

"గాడిదలు తోలుకునేవాడివి, ఇది నీకు అర్థమయ్యే వ్యవహారం కాదులే. అమ్మాయ్, ఆ మిగిలిన జత కూడా కరిగించెయ్. రేపటి పిలుపులు రాయాలి."

పెటీలియా చుట్టను బల్ల మీద పెట్టి, ఆ జత చేతిలోకి తీసుకుంది. తండ్రికి చదవడం రాదు. ఆ గీతల వైపు చూసి అడిగాడు.

"ఏముందమ్మా అందులో?"

"అన్నయ్య వేళ్లు, నాన్నా."

ఒఫెల్లస్ బుట్ట ఎత్తి పళ్లన్నీ కుంపట్లో కుమ్మరించాడు. నిప్పులు చుంయిమన్నాయి. ఇల్లంతా పొగ కమ్మింది. వెరానియస్ దగ్గుతూ, తిడుతూ, చుట్టను గుండెలకు హత్తుకుని కిటికీ వైపు పరుగెత్తాడు.

పెటీలియా రెండు పలకలూ మూసింది. దారం మూడు చుట్లు తిప్పి ముడేసింది. ఘంటం ఆయన బల్ల మీద పెట్టి, పలకలు పైవస్త్రం చాటున దోపుకుంది.

"అవి నా పలకలు! ఎక్కడికి? గడప దాటావంటే ఈ ఊళ్లో నీకు ఇంకెవరూ పనివ్వరు!" పొగలోంచి వెరానియస్ అరిచాడు.

పెటీలియా తండ్రి భుజం కింద చెయ్యి వేసి, ఆయన్ను నడిపించుకుంటూ గడప దాటింది.